రెండిచ్చారు, రెండే పంపాలి

మార్చి 3
దూరదేశం వాళ్ళు మన ప్రభుత్వానికి రెండు గుర్రాలు బహుమతిగా పంపారు. ఒకటి మగ, ఒకటి ఆడ. వాళ్ళ రాగి మనం కొనేట్టు, మన బట్టలు వాళ్ళు కొనేట్టు ఒప్పందం కుదరబోతోందిగా, ఆ సంతోషంలో. రేవులో పశువుల డాక్టర్ని నేనే కాబట్టి నా క్వారంటైన్ షెడ్డులో దించారు. ఆడది చూడితో ఉంది. ఆ సంగతి ఏ కాగితంలోనూ లేదు.

మార్చి 19
ఒప్పందం చెడింది. మన బట్టల మీద వాళ్ళు సుంకం పెంచారట. గుర్రాలను ఉంచుకుంటే మనం తగ్గినట్టు, తిప్పి పంపితే వాళ్ళను అవమానించినట్టు. ఏదీ తేల్చకుండా నా నెత్తిన పెట్టారు. దాణా సంగతి అడిగితే ఫైలు నడుస్తోందన్నారు పెద్దసారు.

మార్చి 20
గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదు. విదేశాంగ శాఖకు ఈ ముక్క ఎవరు చెప్పాలి?

ఏప్రిల్ 2, ఉదయం 6
ఈనింది. మగపిల్ల. గంటలో లేచి నిలబడింది. ఏడ్చేశాను. మన అబ్బాయి పుట్టినప్పుడు కూడా ఇంత ఏడవలేదని మా ఆయన ఫోనులో ఎగతాళి. మన అబ్బాయి పుట్టగానే లేచి నిలబడలేదుగా!

ఏప్రిల్ 17
గుర్రాలను వెనక్కి పంపేస్తారట. సంబంధం తప్పిపోతే పెట్టుపోతలు మొహాన కొట్టినట్టు. సరే, పోనీ. ఒళ్ళు మండేది ఎక్కడంటే, పిల్ల పోకూడదట. విదేశాంగ శాఖ నుంచి ఒక టై బాబు వచ్చాడు. వాళ్ళిచ్చింది రెండు కాబట్టి తిరిగిచ్చేదీ రెండే, ఇక్కడ పుట్టింది మన ఆస్తి అన్నాడు. అది పసిగుడ్డు, తల్లి నుంచి విడదీస్తే బతకదని చెప్పాను. డబ్బాపాలు పట్టమన్నాడు. ఎద్దు పుండు కాకికి నొప్పా?
పెద్దసారును కాళ్ళావేళ్ళా పడి బతిమాలాను.
“మూడో తల ఓడెక్కితే నన్ను నిలదీస్తారు డాక్టరమ్మా. లెక్క రెండు. అంతే.”
సుంకం పెంచినవాళ్ళు బాగానే ఉన్నారు. అత్త మీద కోపం దుత్త మీదా?

ఏప్రిల్ 21
కాగితంలో ‘గుర్రాలు రెండు’ అని మాత్రమే ఉంది. ఏ రెండో లేదు. తల్లినీ పిల్లనూ ఎక్కించాను. రేవు గుమాస్తా తలలు లెక్కపెట్టి, ఒకటి మరీ చిన్నగా ఉందే అన్నాడు. అక్కడి జాతులు అలాగే ఉంటాయన్నాను. సంతకం పెట్టాడు. ఓడ వెళ్ళిపోయింది.

ఏప్రిల్ 25
మగగుర్రం సరిగా తినడం లేదు. నన్ను చూస్తే మొహం తిప్పుకుంటోంది.
పెద్దసారు ఫోను. పిల్ల ఎలా ఉందని.
బాగా ఎదిగింది సార్, అన్నాను.