గేర్లు తీసేసిన సైకిల్

అన్నా,

నువ్వు పోయి నేటికి ఏడాది. కానీ ఇవాళ నీకు చెప్పాల్సిన సంతోషం ఒకటుంది. సైకిల్‌కి గేర్లు దండగని నువ్వు, కావాలని నేను వాదించుకునేవాళ్లం కదా, అందులో చివరికి నువ్వే గెలిచావు. నా గేర్ల సైకిల్ చైన్ మాటిమాటికీ ఊడిపోతుంటే విసుగొచ్చి, పొద్దున్నే నీ దోస్తు సలీం భాయ్ దుకాణానికి తీసుకెళ్లాను. ఆయన గేర్లన్నీ పీకేసి, వెనక ఒకటే పళ్లచక్రం బిగించాడు.

"ఇగ కాళ్లు ఆపొద్దు చెల్లే. చక్రం తిరిగినంతసేపు పెడల్ తిరుగుతనే ఉంటది. ముందు బ్రేకుంది, ఫికర్ చెయ్యకు," అన్నాడు.

యాకుత్‌పురా స్టేషన్ వైపు దిగుడులో అలవాటుకొద్దీ కాళ్లు ఆపాను. పెడల్ నన్ను సీటు మీంచి ఎగరేసినంత పని చేసింది! తర్వాత కాళ్లను చక్రంతో పాటే పోనిచ్చాను. ఎంత బాగుందో అన్నా! ఆటోల మధ్య కూడా సైకిల్ నా నడకంత తేలిగ్గా సాగింది. ఒక్కదాన్నే గట్టిగా నవ్వుకున్నాను.

ఛత్రినాకలో ఇంటికి చేరేసరికి అమ్మ గుమ్మంలో ఉంది. నువ్వు పోయినప్పటి నుంచి ఆమె మన గల్లీ దాటలేదు.

"ఏందే, గట్ల నవ్వుతున్నవ్?" అంది. అంతా చెప్పాను. కాసేపు సైకిల్‌నే చూసి, "నన్ను కూసోవెట్టుకొని తొక్కగల్తవా?" అని అడిగింది.

కొంగు నడుముకు చుట్టుకుని వెనక క్యారియర్ మీద కూర్చుంది. గల్లీ చివర ఇంటివైపు తిప్పబోతే నా వీపు మీద చరిచింది.

"అప్పుడే ఇంటికేంది బిడ్డా? బజారు దాకా పోదాం పా!"