తాత ఎలా పోయాడో చెప్పిన ఆదివారం

అమ్మా,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఇది చదవడానికి నువ్వు లేవని తెలిసినా నీకే చెప్పాలనిపించింది.

మనం మగ్గాల పనికి వలసొచ్చిన ఈ ఉధ్నాలో, మన కులసంఘం హాలులో ఆదివారాలు మనవాళ్లు గుండ్రంగా కూర్చోవడం మొదలుపెట్టారు. పక్కవాళ్ల భుజం మీద చెయ్యి వేసి, అందరూ కలిసి నిదానంగా ఊపిరి తీసుకోవాలి. తర్వాత ఇంట్లో ఎన్నడూ అనని మాట ఒకటి చెప్పాలి. తమ్ముడు శీను తాగుడు మానుతాడేమోనన్న ఆశతో వాణ్ణీ వెంట తీసుకుపోయాను.

నా వంతు రాగానే, ఆస్పత్రి మంచం మీద నువ్వు నాకొక్కదానికే చెప్పిన సంగతి చెప్పాను. సిరిసిల్లలో తాత జబ్బుతో పోలేదని, మగ్గం పక్కనే ఉరేసుకున్నాడని, చిన్నపిల్లగా ఉన్న నువ్వే మీ నాన్నను అలా ముందు చూశావని.

తమ్ముడు నా వైపు తిరిగాడు.

"మగ్గాల సప్పుడు ఇంటే అమ్మ చెవులు మూసుకునేది గిందుకేనా అక్కా?"

"గందుకేరా."

హాలంతా ఏడ్చింది. వాడు ఏడవలేదు.

మరుసటి వారం కొద్దిమందే వచ్చారు. ఆ పై వారం హాలు పెళ్లికి ఇచ్చారు. మళ్లీ ఎవరూ పిలవలేదు. శీను తాగుడు మానలేదు. పైగా ఇప్పుడు తను పనిచేసే మగ్గాల షెడ్డు గుమ్మం దగ్గరే ఆగిపోతున్నాడు.

ఈ పొద్దున నీ ఫోటోకు దండ వేస్తుంటే వెనక వచ్చి నిలబడ్డాడు.

"అక్కా, తాత ఎట్ల నవ్వేటోడు?"

"ఏమోరా" అన్నాను. అది తెలిసిన మనిషివి నువ్వొక్కదానివే.