ఎడమ చేతి అడ్డగీత

నవంబర్ 12, బుధవారం. ఖానాపూర్. పొద్దున మంచు, తర్వాత ఎండ. లేవగానే కోళ్ల గూడు ఊడ్చాను.

పక్షవాతంతో కుడి చెయ్యి పడిపోయాక ఇవాళే మళ్లీ వడ్ల కొనుగోలు కేంద్రానికి వెళ్లాను. లారీకెక్కే బస్తాల లెక్క రాయడం నా పని. బస్తాకొక నిలువు గీత, అయిదోది ఆ నాలుగింటి మీదుగా అడ్డం. ఎడమ చేత్తో గీస్తే అడ్డగీత అటు వాలాల్సింది ఇటు వాలింది.

హమాలీ రాజన్న తొంగి చూశాడు. "గీతలు ఉల్టా పడ్డయ్ బావా! బస్తాలు లారీలకెల్లి దిగుతున్నయా ఏంది?" అందరం నవ్వాం.

కేంద్రం చూసే మల్లేశం మాత్రం నవ్వలేదు. "పరేషాన్ గాకు కాకా. రేపటి సంది నేనే రాసుకుంట, నువ్వు ఇంటికాడ ఉండు."

మంచికే అన్నాడు. కానీ బడికి పోని నాకు అక్షరాలకన్నా ముందు వచ్చినవి ఆ గీతలే.

"లెక్క తప్పిన నాడు ఇంటికాడ ఉంట" అన్నాను. వాడు కాగితం నా ముందే వదిలి కాంటా దగ్గరికి వెళ్లాడు.

రేపూ వెళ్తాను. అంగీ జేబు ఎడమ పక్కనే ఉండటంతో ఎడమ చేతికి పెన్ను అందడం లేదు. కుడి పక్కన ఇంకో జేబు కుట్టమని నా భార్య సత్తవ్వకు ఇచ్చాను.

"పొద్దుగాల కుడితే కాదా?"

"కాదు, ఇప్పుడే."

సూదిలో దారం ఎక్కడం లేదట, లైటు పట్టమని పిలుస్తోంది.