గిన్నె దాచిన చెయ్యి

శాంతా,

నీ కూతురు సుజాతకు పెనుకొండ ఆసుపత్రిలో ఆపరేషను చేసి బిడ్డను తీశారు. ఆడపిల్ల. తల్లి లేని పిల్ల కదా అని బాలింతను రొద్దంలో మా ఇంటికే తెచ్చుకున్నాను.

నిన్న ఆసుపత్రి నర్సమ్మ చూడడానికి వచ్చింది.

"ఏం పెడ్తాండావక్కా?"

"పాత బియ్యం అన్నం, వెల్లుల్లి కారం."

"బ్యాళ్లు, గుడ్లు?"

"పప్పు, గుడ్లు పెడితే కుట్లు చీము పడతాయి కదమ్మా."

"ఎవురు చెప్పినారు నీకు? కుట్లు మానేది, కండ పట్టేది వాటితోనే. ఉత్త అన్నంతో మనిషి యాడ లేస్తాది?"

సుజాత పుట్టాక నెల రోజులు నీకు నేను పెట్టింది ఆ అన్నమే. పప్పు ఉడికే వాసనకు ఒక్క గరిటె పెట్టమని నువ్వు అడిగితే గిన్నె దాచాను. నువ్వు మళ్లీ లేవలేదు. అందువల్లే పోయావో, కాదో నాకు తెలియదు.

ఈ మధ్యాహ్నం ముద్దపప్పు వండి, రెండు గుడ్లు ఉడకబెట్టి సుజాత ముందు పెట్టాను. అది ముట్టలేదు.

"వద్దు పెద్దమ్మా. మాయమ్మ పత్యం తప్పే పోయిందని అవ్వ చెప్తాండె."

ఊళ్లో అందరూ అదే అనుకున్నారు. ఇన్నేళ్లూ నేను కాదనలేదు.

"మీయమ్మ పత్యం తప్పలేదు. అడిగినా నేనే పెట్టలేదు" అన్నాను.

 సుజాత నా వైపు చూడకుండా గుడ్డు చేతిలోకి తీసుకుని పెంకు వలవసాగింది.

మీ అక్క