ఎండిన బోరు సున్నా కాదు

జూన్ 12, 2006. సోమవారం
బెంగళూరు నుంచి సుమతి మేడం వచ్చారు. ఎజైల్ అనే కొత్త పద్ధతిలో మా సాఫ్ట్‌వేర్ టీం నడపడం నాకు నేర్పాలట. నెలాఖరుకి నేను పనికిరానని ఆవిడ అంటే అక్కణ్ణుంచి వేరే లీడ్ దిగుతాడు. పొద్దున మొదటి స్టాండప్. పదిహేను నిమిషాలు, అందరూ నిలబడే... అయిదుగురూ నిలబడ్డారు. నేను కుర్చీలో. "చంద్రా, నువ్వెందుకు కూర్చున్నావు?" అన్నారు మేడం. కూర్చున్నానని నాకు తెలియనే లేదు. మా ఇంటి ముందు నాయన మంచం మీద, పనివాళ్లు ఎదురుగా నిలబడి — చిన్నప్పటి నుంచి నేను చూసిన మీటింగ్ అదొక్కటే. సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

13
నిలబడ్డాను. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

15, గురువారం
గోడ మీద కార్డులు. ఒక్కో కార్డు ఒక్కో పని. పంచబోతే మేడం ఆపారు. "నువ్వు ఇవ్వకు. వాళ్లే తీసుకుంటారు." లోపల నవ్వుకున్నాను. చెప్పకుండా పని ఎవరు చేస్తారు? రెండు నిమిషాలు... ఎవరూ కదలరు. నా నాలుక దురద. అప్పుడు ఈరమ్మ ముందుకొచ్చి అన్నిటికన్నా కష్టమైన కార్డు తీసింది. బోర్ల పటం — ఏ ఊళ్లో నీళ్లు ఎన్ని అడుగుల లోతున ఉన్నాయో చూపించేది. ఆ వెనక ఒక్కొక్కరూ. గోడ ఖాళీ. నేను ఒక్క మాట అనలేదు. ఎవరైనా చెప్పి ఉంటే నమ్మేవాణ్ణి కాదు.

16
ఈరమ్మ మా ఊరి పిల్లే. వాళ్ల నాయన ఈరన్న ఇరవై ఏళ్లుగా మా చేలో జీతానికి ఉన్నాడు. ఈమె ఎంసీఏ చదివింది, ప్రోగ్రాం నాకన్నా బాగా రాస్తుంది. ఆఫీసులో నన్ను సామీ అనొద్దమ్మా అన్నాను. "నోటికి అలవాటు సామీ."

21, బుధవారం
ఆ కార్డు కదల్లేదు. రోజూ అదే జవాబు, "అయితాది సామీ." ఎక్కడో ఇరుక్కుంది, నీతో ఎందుకు చెప్పదు? — మేడం ప్రశ్న. ఎందుకో నాకు తెలుసు. జరగని పనికి కూడా ఈరన్న మా నాయన ముందు అలాగే తలూపడం ఎన్నిసార్లు చూశానో.

23, శుక్రవారం
సోమవారం కుందుర్పి రైతులకు పటం చూపించాలి. ఇంకా కాలేదు.
ఈ పొద్దు నేనే ముందు చెప్పాను. "నా పని కాలేదు. రిపోర్టు పేజీ మూడు రోజులుగా రావట్లేదు. ఎవరైనా చూస్తారా?" నటన కాదు, నిజంగానే రావట్లేదు.
ఈరమ్మ నేల చూపులు చూస్తూ — "నాదీ కాలేదు. ఆ కార్డులో ఎండిన బోరుకు లోతు సున్నా అని రాయమన్నారు మీరు. లోతు సున్నా అంటే నీళ్లు నేల మీదికి వచ్చినట్టు కదా. కుందుర్పిలో ఎండిన బోర్లన్నీ మన పటంలో పొంగి పారతాండాయి."
ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత అందరం. నేనూ.
"ఎప్పుడు తెలిసింది?" "మొదటి దినమే."
నా తప్పును ఎనిమిది రోజులు ఒక్కతే మోసింది. సాయంత్రానికి ఇద్దరు ఆమె పక్కన కూర్చుని సరిచేశారు. నేను టీ తెప్పించాను, అంతే. వీళ్లకు ఇంత తెలుసు! ఇన్నాళ్లూ నేనే మాట్లాడుతూ ఉండిపోయాను.

26
కుందుర్పి. పటం నిండా ఎండిన బోర్ల నల్ల చుక్కలు. ఒక పెద్దాయన ఒక చుక్క మీద వేలు పెట్టి, "ఇది నాదే. ఉన్నది ఉన్నట్టు రాసినారు" అన్నాడు. వేలు చాలాసేపు తీయలేదు. ఈరమ్మ కళ్లు తుడుచుకుంది.

28
మేడం ఒక్కరే తేల్చరట. శుక్రవారం టీం వాళ్లే, నా ఎదుటే, లీడ్‌గా నేను కావాలో వద్దో చెప్పాలి. నాయనకు ఫోన్ చేశాను. "ఈరన్న కూతురు ఊ అంటేనే నీకు ఉద్యోగమా? ఏమప్పా ఇది?" అవును నాయనా అన్నాను. పెట్టేశాడు.

30, శుక్రవారం
నలుగురు నేను కావాలన్నారు. ఈరమ్మ వంతు. ఈసారి నా వైపే చూసింది.
"మొన్న మీరు ముందు చెప్పినారు, అందుకే నేనూ చెప్పినా. పని మీద పడినప్పుడు మళ్లా మీ నాయన మాదిరి అయితారేమో, నాకు తెలీదు. ఆలోచన చేసుకోవాల. సోమవారం చెప్తా."
మేడం సరే అన్నారు. నేనూ సరే అన్నాను. కోపం వస్తుందనుకున్నాను, రాలేదు. భయమేస్తోంది. ఈరన్న ఇంట్లో వాళ్లు ఏమంటారోనని మా ఇంట్లో ఎవరూ ఏనాడూ ఆగింది లేదు.
సోమవారం దాకా మధ్యలో ఇంకా రెండు రోజులు.