హెర్నియాకు తువ్వాల కట్టిన మనిషికి

యాదగిరి నాయినా,

నేను చెబుతుంటే మన కొడుకు యాదగిరి కూతురు రాస్తోంది. నీకు గజ్జలో వచ్చిన హెర్నియా నాకు బొడ్డు దగ్గర వచ్చింది. ఇవాళ ఎల్బీ నగర్ దవాఖానలో చూపించుకున్నాను.

"గట్టిగ గుడ్డ కట్టుకుంటే పోదా బిడ్డా?" అని డాక్టరమ్మను అడిగాను.

"కండల నడుమ సందు పడ్డదమ్మా. గుడ్డ కడితే అది పూడదు. పేగు ఇరుక్కుంటే పానం మీదికొస్తది. లోపల సన్నటి వల పెట్టి కుడతం," అంది.

నీ ప్రాణం అలాగే పోయింది.

పోచంపల్లిలో మగ్గం మీద ఒక్క పోగు తెగితే, అన్నానికి పిలిచినా లేవకుండా ముడి వేసేవాడివి. నీ ఒంటికి మాత్రం తువ్వాల బిగించి, "ఏం గాదు తియ్యే" అని నవ్వేవాడివి. ఆ నవ్వు చూసి నేనూ ఊరుకునేదాన్ని.

సోమవారం ఆపరేషన్. ఒప్పుకున్నట్టు కాగితం మీద వేలిముద్ర వేసి వచ్చాను.

నేను ఇప్పుడే రాను. ఎదురు చూడకు.