స్టాండు మీది బండి వాలు దిగిన వైనం

చిరంజీవి కోడలికి,

అత్తయ్య దీవెనలు. ఇక్కడ నేనూ, మీ ఆయనా, నీ బండీ ముగ్గురం క్షేమం. అక్కడ నువ్వూ, నువ్వు కట్టిస్తున్న వంతెనా అలాగే నిటారుగా ఉన్నారని తలుస్తాను.

నీ ఉత్తరం మంగళవారం అందింది. ముందు నువ్వడిగినవాటికి జవాబులు. మీ ఆయన వేళకు తింటున్నాడు, వండుతున్నాడు కూడా. మొన్న కూరలో రెండుసార్లు ఉప్పు వేసి, తప్పంతా ఉప్పుదేనన్నట్టు డబ్బా వైపు గుర్రుగా చూశాడు. వెనక గది కప్పు కారడం ఆగిందా అన్నావు. ఆగింది, వాన ఆగాక. ఆసుపత్రి వాళ్ల యూనిఫాంలు నలభై జతలు కుట్టి ఇచ్చేశాను, ఇంకో ఇరవై మిగిలాయి. కొత్త కళ్లజోడు వచ్చాక దారం ఒక్క విసురులో సూదిలోకి ఎక్కుతోంది. మూడో స్తంభం లేచిందని రాశావు, చాలా సంతోషం. పైకెక్కినప్పుడు నడుముకి తాడు కట్టుకోవడం మాత్రం మరిచిపోకు.

ఇక నీ ఆఖరి ప్రశ్న. పోయిన ఉత్తరంలో నేను, "వాలు దిగేటప్పుడు నీ బండి సైలెన్సర్ టపటపమంటోంది, ఎందుకంటావ్?" అని రాశాను. నువ్వు ఒకే ఒక్క వాక్యం రాశావు. "అత్తయ్యా, స్టాండు మీద ఉన్న బండి వాలు ఎలా దిగింది?"

నోరు జారడం విన్నాను గానీ కలం జారడం నాకిదే మొదలు. మీ ఆయన ఆ వాక్యం మూడుసార్లు పైకి చదివి, కుర్చీలోంచి పడేలా నవ్వాడు.

జరిగింది చెబుతాను. వారానికోసారి స్టార్టు చేసి పది నిమిషాలు ఉంచమన్నావు కదా, నెలన్నర అలాగే చేశాను. ఒకరోజు ఆసుపత్రికి యూనిఫాంల మూట చేర్చాలి. ఆటో రాలేదు. బండి చూస్తే గడగడమంటూ సిద్ధంగా ఉంది. పెళ్లికి ముందు మా అన్నయ్య మోపెడ్ నడిపిన చేతులు కదా, ఊరుకోలేదు. గేరు వేశాను. వాకిలి దాటేసరికి రెండుసార్లు ఆగిపోయింది, మూడోసారి నా మాట విన్నది. సాయంత్రం సంగతి తెలిసి మీ ఆయన, "అమ్మా, నీ వయసెంత?" అన్నాడు. "బండి కన్నా కాస్త ఎక్కువ," అన్నాను. మర్నాడే వాడు నన్ను వెంటబెట్టుకెళ్లి నేర్చుకునేవాళ్ల లైసెన్సు తీయించి, ఆదివారాలు వెనక కూర్చుని, నా భుజాలు నొప్పెట్టేలా పట్టుకుని నేర్పించాడు.

ఆ తర్వాత మొదలైంది ఈ టపటప. ఎక్కేటప్పుడు ఏమీ ఉండదు. ఆసుపత్రి దగ్గర్నుంచి వాలులో యాక్సిలరేటర్ వదిలేసి దిగుతుంటే చాలు, టప్, టప్, టపా! పావురాలన్నీ లేచిపోయేవి. మలుపులో మంగలాయన బయటికొచ్చి, "అమ్మగారూ, కత్తి నా చేతిలో ఉన్నప్పుడు కాస్త కబురు చేసి దిగండి," అని మొర పెట్టుకున్నాడు.

బస్సు డిపోలో పనిచేసి మానేసిన మెకానిక్ ఒకాయన మలుపు కింద కొట్టు పెట్టాడు. అందరూ ఆయన్ని 'నిదానం గారు' అంటారు. ఏ పనైనా నిదానంగా చేస్తాడు, ఎదుటివాళ్లకీ అదే చెబుతాడు. బండి తీసుకెళ్తే ఆయన స్టార్టు చేసి, కళ్లు మూసుకుని విని, "పొద్దున్నే చోక్ లాగితే గానీ లేవట్లేదా?" అన్నాడు. అవునన్నాను. "వారాల తరబడి రోడ్డెక్కని బండి. పాత పెట్రోలు కార్బురేటర్‌లో జిగురైంది. లోపల చిన్న జెట్ పూడుకుంటే పెట్రోలు తక్కువై, గాలి ఎక్కువవుతుంది. అదీ ఒక కారణమే," అని విప్పాడు. ఆ జెట్టు చిన్న ఇత్తడి ముక్క, దాని కన్నం వెంట్రుకంత. నా సంచీలోంచి సన్నని సూది తీసి అందించాను, సాయం చేద్దామని. ఆయన దాన్ని చూసి పామును చూసినట్టు వెనక్కి జరిగాడు. "సూది పెడితే కన్నం పెద్దదైపోతుందమ్మా! నిదానం!" అని నైలాన్ దారం పోగుతో శుభ్రం చేశాడు.

బండి పొద్దున్నే చక్కగా లేచింది. వాలులో మళ్లీ టపా.

రెండో రోజు కార్బురేటర్ పక్క మర అరచుట్టు తిప్పాడు. టపటప కాస్త తగ్గింది, పోలేదు. ఇంజనుకీ కార్బురేటర్‌కీ మధ్య ఉండే రబ్బరు పగిలిందేమోనని బోర్లా పడుకుని చూశాడు. పగల్లేదు. అప్పుడు లేచి కూర్చుని అడిగాడు.

"బండి ఎప్పుడైనా పడిందా అమ్మా?"

"లేదండీ," అన్నాను.

"సైలెన్సర్ మీద ఈ గీతలేంటి?"

"పాతవేమోనండీ."

ఆయన తల గోక్కున్నాడు. పాపం, మూడో రోజు మళ్లీ మొదటినుంచీ అంతా విప్పాడు. పెట్రోలు మార్చాడు, ప్లగ్గు మార్చాడు. నేను బల్ల మీద కూర్చుని, ఆ పెద్దమనిషి మోకాళ్ల మీద పాకుతుంటే చూస్తున్నాను. నా వల్ల కాలేదమ్మాయ్.

"పడిందండీ," అన్నాను. "నేనే పడేశాను."

ఆసుపత్రి గేటు దగ్గర కంకర మీద తిరగబోయి కుడిపక్కకి ఒరిగిపోయాను. నాకు మోచెయ్యి గీసుకుంది, అంతే. బండి మాత్రం సైలెన్సర్ రాతి అంచుకి కొట్టుకుంది. ఇద్దరు నర్సులు లేపి నిలబెట్టారు. ఇంటికొచ్చి ఆ పక్కను గోడవైపు తిప్పి పెట్టాను. మీ ఆయనకి కూడా చెప్పలేదు. నీకు ఉత్తరంలో టపటప గురించి రాశాను గానీ, దానికి ముందు జరిగింది మింగేశాను. అది మీ నాన్నగారి బండి. నువ్వు వెళ్తూ వెళ్తూ దాని మీద దుప్పటి కప్పి, అంచులు సర్దిన తీరు నాకు గుర్తుంది.

నిదానం గారు నన్ను ఒక్క క్షణం చూసి, "ఈ ముక్క నిన్ననే చెప్పుంటే నా మోకాళ్లు మిగిలేవి కదమ్మా," అని నవ్వేశాడు. స్టార్టు చేసి తెల్లగుడ్డ అడిగాడు. లైనింగు ముక్క ఇచ్చాను. ఇంజను దగ్గర సైలెన్సర్ గొట్టం మొదలయ్యే అతుకు పక్కన పట్టుకుంటే, ముక్క గుప్పుగుప్పున ఎగిరి నల్లబడింది. "యాక్సిలరేటర్ వదిలినప్పుడు మండని పెట్రోలు కొంత వేడి గొట్టంలోకి పోతుంది. ఈ సందులోంచి బయటి గాలి లోపలికి చొరబడగానే అక్కడే అంటుకుని పేలుతుంది. బండి పడ్డప్పుడు గొట్టం కదిలి, లోపలి రింగు చీలింది," అన్నాడు. కొత్త రింగు వేసి నట్లు బిగించడానికి అరగంట పట్టలేదు. మూడు రోజులు పట్టింది నా నోరు విప్పడానికే.

ఆ సాయంత్రమే వాలు దిగాను. యాక్సిలరేటర్ వదిలేశాను. టప్ అనలేదు. గాలి చప్పుడు తప్ప ఏమీ లేదు. మంగలాయన వీపు నావైపే ఉంది, తిరిగి కూడా చూడలేదు.

ఒక అబద్ధం బయటికి వచ్చాక రెండోది లోపల ఇమడటం లేదు. అదీ చెప్పేస్తాను.

నువ్వు మా ఇంటికి వచ్చిన మొదటి ఏడు బండి తాళంచెవి పోయింది చూడు. అది పోలేదు. నేనే తీసి గుండీల డబ్బాలో దాచాను. బట్టలు కుట్టించుకునేందుకు వచ్చినవాళ్లు, "మీ కోడలు మగవాళ్ల బండి తోలుతుందట కదా," అని మూతులు తిప్పుతుంటే నాకు తలకొట్టేసినట్టయింది. నువ్వు మంచాల కింద వెతికావు, బియ్యం డబ్బా కూడా తోడావు. నాలుగు రోజులు బస్సులో నిలబడి పనికి వెళ్లి, ఐదో రోజు కొత్త తాళంచెవి చేయించుకుని వచ్చావు. నన్ను ఒక్క మాట అడగలేదు. అడిగి ఉంటే బాగుండేదని తర్వాత చాలాసార్లు అనుకున్నాను. నేను నీ దగ్గర్నుంచి ఏం లాక్కోవాలని చూశానో మొన్న ఆ వాలులో గాలి మొహానికి తగిలినప్పుడు తెలిసింది. తప్పు నాది. క్షమించు తల్లీ.

కవరు తెరవగానే నీ చేతికి గట్టిగా తగిలిందే, అదే ఆ తాళంచెవి. జారిపోకుండా కాగితానికి ఎర్రదారంతో కుట్టేశాను.

నా లైసెన్సు పరీక్ష ఇరవయ్యో తేదీన. కాలు నేలకి ఆనించకుండా ఎనిమిది అంకె చుట్టేస్తున్నాను. నువ్వు వచ్చే రోజు స్టేషన్‌కి బండి మీద నేనే వస్తాను. కోపంగా ఉంటే చెప్పు, నువ్వు బస్సెక్కు, నేను వెనకాలే వస్తాను. కోపం లేకపోతే నీ పెట్టె మీ ఆయన ఆటోలో తెస్తాడు. ముందు నువ్వు కూర్చో, నేను నీ వెనక కూర్చుంటాను. పట్టపగలే మన వీధిలోంచే పోనీ, మెల్లగా. నా దగ్గర బట్టలు కుట్టించుకునేవాళ్లంతా గుమ్మాల్లోకి వచ్చి చూడాలి.

ఇట్లు,
నీ జవాబు కోసం గేటు వదలని
మీ అత్తయ్య